ఆక్సీమీటర్‌లో 86 ఉన్నా మనిషికి ఆయాసం ఎందుకు తెలియడం లేదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కందుకూరు దగ్గర పల్లెలో ఉండే మీ నాయనకు 67 ఏళ్లు. నలభై ఏళ్లుగా చుట్ట అలవాటు, పదేళ్లుగా షుగర్. వేలికి ఆక్సీమీటర్ పెడితే 85, 86 చూపిస్తోంది. ఆయనేమో "నాకేంది, బాగనే ఉండా" అంటూ పొద్దున్నే పాలకేంద్రానికి నడిచి వెళ్లొస్తున్నారు. అదే మిషన్ అమ్మ వేలికి పెడితే 98, కానీ నాలుగు మెట్లు ఎక్కితే ఎగపోస్తున్నది ఆమెకే. మిషన్ చెడిపోయిందా? కాన్సంట్రేటర్ (గదిలోని గాలి నుంచి ఆక్సిజన్ వేరుచేసి ఇచ్చే మిషన్) తెచ్చి ఫుల్లుగా ఆక్సిజన్ పెట్టేయొచ్చా? వచ్చే నెల కేదార్‌నాథ్ ప్రయాణం ఉంచుకోవచ్చా?

నేను ఒంగోలులో ఊపిరితిత్తుల డాక్టర్‌ని. ముందు సూటిగా జవాబు చెబుతాను. మిషన్ బహుశా ఇద్దరి విషయంలోనూ నిజమే చెబుతోంది. రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందనేది ఒక లెక్క, మనిషికి ఆయాసం తెలియడం ఇంకో లెక్క. ఈ రెండూ చాలాసార్లు కలిసి నడవవు. మీ నాయనకు ఇదివరకు ఈ అంకె ఎంత ఉండేదో మీకు తెలియదు కాబట్టి రేపే డాక్టర్‌కి చూపించండి, వారం ఆగొద్దు. మత్తుగా ఉన్నా, మాట తడబడుతున్నా, పెదాలు నీలంగా మారినా, అంకె ఇంకా కిందికి జారుతున్నా రేపటిదాకా కూడా ఆగకుండా ఈ రాత్రే తీసుకెళ్లండి. ఆక్సిజన్ మీ అంతట మీరు ఫుల్లుగా తిప్పొద్దు. కేదార్‌నాథ్ వాయిదా వేయండి.

ఇక కారణాలు. డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు ఒకసారి మళ్లీ చూడండి. ఆయన్ని అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబెట్టి, గోరింటాకు గానీ రంగు గానీ లేని వేలికి పెట్టి ఒక నిమిషం కదలకుండా ఉంచండి. మిషన్ చూపించే పల్స్, మీరు మణికట్టు దగ్గర పట్టుకుని లెక్కపెట్టిన పల్స్ ఒకటే అయితే అంకెను నమ్మొచ్చు. ఈ మిషన్ రెండు రకాల కాంతిని, ఒకటి ఎరుపు, ఒకటి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్, వేలిలోంచి పంపి, ఎంత మిగిలి బయటికొచ్చిందో చూసి లెక్క కడుతుంది. రెండు మూడు పాయింట్లు అటూ ఇటూ కావచ్చు. ఇంకో సంగతి: మనలాంటి ముదురు రంగు చర్మం మీద అది తప్పితే ఎక్కువగా పైకే తప్పుతుంది, అంటే ఉన్నదానికంటే మంచి అంకె చూపిస్తుంది. కాబట్టి 86 వస్తే "ఆ, మిషన్ తక్కువ చూపిస్తుందిలే" అని తీసిపారేయడానికి లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. శరీరానికి ఆక్సిజన్ తగ్గిందని తెలిసేది ఎలా?

మెడలో రెండు వైపులా, తలకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని రెండుగా చీలేచోట, నాలుగైదు మిల్లీమీటర్ల చిన్న కణాల ముద్ద ఉంటుంది. దాన్ని కెరోటిడ్ బాడీ అంటాం. బరువుతో పోల్చి చూస్తే శరీరంలో అంత ధారాళంగా రక్తం అందే భాగం ఇంకొకటి లేదు. ఆక్సిజన్ తగ్గగానే అందులోని కణాల్లో పొటాషియం దారులు మూసుకుపోతాయి, కాల్షియం లోపలికి వస్తుంది, రసాయనాలు విడుదలవుతాయి, తొమ్మిదో కపాల నాడి మీదుగా మెదడు అడుగున ఉన్న మెడుల్లాకు కబురు వెళ్తుంది. ఊపిరి వేగం, లోతు పెరుగుతాయి. ఈ ఏర్పాటు శ్వాసను ఎలా నడిపిస్తుందో తేల్చినందుకే బెల్జియంకు చెందిన కార్నీల్ హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి వచ్చింది.

వినడానికి బాగానే ఉంది. చిక్కేమిటంటే, ఈ కాపలా మనిషి చాలాసేపు నోరు విప్పడు. ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం మామూలుగా 95, 100 మిల్లీమీటర్ల (పాదరసం కొలతలో) దగ్గర ఉంటుంది. అది 80కి పడినా ఆక్సీమీటర్ 95 చూపిస్తుంది, కెరోటిడ్ బాడీ పెద్దగా పట్టించుకోదు. 60కి పడితే ఆక్సీమీటర్‌లో 90. గట్టిగా కబురు మొదలయ్యేది అక్కడి నుంచే. 90 కిందికి దిగాక ఇక జారుడే: పీడనం 50కి వస్తే 84, 85, 40కి వస్తే 75. మీ నాయన ఆ జారుడు మధ్యలో ఉన్నారు.

కార్బన్ డయాక్సైడ్ సంగతి అలా కాదు. దాన్ని పసిగట్టే కణాలు ప్రధానంగా మెడుల్లా దగ్గరే ఉన్నాయి, వాటికి ఓర్పు లేదు. రక్తంలో అది ఒక్క మిల్లీమీటర్ పెరిగితే చాలు, నిమిషానికి సుమారు రెండు లీటర్ల గాలి అదనంగా లాగిస్తాయి. ఊరికే కూర్చున్నప్పుడు మనం పీల్చేది నిమిషానికి ఆరు లీటర్ల చిల్లరే అని గుర్తుపెట్టుకుంటే ఇది ఎంత ఎక్కువో అర్థమవుతుంది. ఊపిరి బిగబడితే కాసేపటికి తట్టుకోలేక నోరు తెరుస్తాం కదా, అది చాలావరకు కార్బన్ డయాక్సైడ్ పెట్టే కేక. ఆక్సిజన్ అయిపోయిందని కాదు.

దీనికి పాత రుజువు ఒకటి ఉంది. 1875 ఏప్రిల్‌లో ముగ్గురు ఫ్రెంచివాళ్లు జెనిత్ అనే బెలూన్‌లో ఎనిమిది వేల మీటర్లు దాటి పైకి వెళ్లారు. సంచుల్లో ఆక్సిజన్ వెంటే ఉంది. వాడుకోవాలని అనిపించలేదు, అనిపించేసరికి చెయ్యి లేవలేదు. ఇద్దరు చనిపోయారు. బతికిన గాస్టన్ టిస్సాండియే తరువాత రాసింది చదివితే, ఆ పైన బాధే లేదు, లోపల ఏదో ఆనందం కలిగిందంటాడు. పలచటి గాలిలో వేగంగా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ కొట్టుకుపోతుంది, అది తగ్గితే కేక వేసేవాడే లేడు. పైగా ఆక్సిజన్ తగ్గినప్పుడు ముందు దెబ్బ తినేది తన పరిస్థితి తాను అంచనా వేసుకునే బుద్ధే. అందుకే "ఎలా ఉంది?" అని పేషెంట్‌ని అడిగి ఆక్సిజన్ సంగతి తేల్చకూడదు.

2021 మే నెలలో మేమంతా ఇదే చూశాం. ఆక్సీమీటర్‌లో 75 ఉన్న మనిషి బెడ్ మీద కూర్చుని ఇంటికి ఫోన్ చేసి గేదెకు మేత వేశారా అని అడుగుతుంటాడు. కొవిడ్ మొదటి రోజుల్లో చాలామందికి ఊపిరితిత్తులు ఇంకా బిగుసుకోలేదు, కార్బన్ డయాక్సైడ్ సులువుగానే బయటికి పోతోంది. ఆక్సిజన్ మాత్రం లోపలికి ఎక్కడం లేదు.

జపాన్‌లో 1940ల నుంచి నకయామా అనే సర్జన్ ఉబ్బసం తగ్గుతుందని వేలమందికి కెరోటిడ్ బాడీని కోసి తీసేశాడు. ఉబ్బసానికి అది మందు కాదని తరువాత తేలింది. కానీ ఆ పేషెంట్లను పరీక్షిస్తే ఒక విషయం స్పష్టమైంది: రెండువైపులా తీసేసినవాళ్లకు ఆక్సిజన్ తగ్గించిన గాలి ఇస్తే ఊపిరి వేగం పెరగదు. కార్బన్ డయాక్సైడ్ ఇస్తే పెరుగుతుంది. మనిషికి ఆక్సిజన్ కాపలా అంటూ ఉన్నది దాదాపుగా ఆ రెండు చిన్న ముద్దలే.

ఇక్కడ ఎండాకాలం ఈతకొట్టే పిల్లలున్న ఇళ్లవాళ్లకు ఒక మాట, మీ ప్రశ్నకు కొంచెం పక్కదారే అయినా. బావిలో అడుగుదాకా మునగాలని పందేలు వేసుకుని, దూకే ముందు పదిసార్లు గట్టిగా ఊపిరి తీసి వదులుతారు. ఎక్కువ గాలి నింపుకుంటున్నామనుకుంటారు. నిజానికి ఆక్సిజన్ పెరిగేది నామమాత్రం, కార్బన్ డయాక్సైడ్ మాత్రం బాగా పడిపోతుంది. నీళ్లలో ఊపిరి తీసుకోవాలని అనిపించేలోపే ఆక్సిజన్ అయిపోయి స్పృహ తప్పుతుంది. ఈత బాగా వచ్చిన కుర్రాళ్లే ఇలా పోతుంటారు. మునిగే ముందు అలా ఎగబీల్చడం మానిపించండి.

సరే, మీ నాయన దగ్గరికి వద్దాం. పీడనం 50 దగ్గర ఉంటే కెరోటిడ్ బాడీ మాట్లాడుతూనే ఉండాలి. మరి ఎందుకు తెలియడం లేదు? నాకు కనిపించే కారణాలు కొన్ని. వయసు పెరిగేకొద్దీ ఈ స్పందన మొద్దుబారుతుంది. షుగర్ ఏళ్లతరబడి ఉంటే నరాలతో పాటు ఇదీ మందగిస్తుంది. చుట్ట వల్ల ఊపిరితిత్తులు పాడై, అంటే సీవోపీడీ వచ్చి, కార్బన్ డయాక్సైడ్ కూడా కొద్దికొద్దిగా పేరుకుపోతుంటే, దానివల్ల రక్తంలో పెరిగే ఆమ్లాన్ని కిడ్నీలు బైకార్బొనేట్ అనే క్షారాన్ని దాచిపెట్టి సర్దేస్తాయి. మెదడు ఆ కొత్త లెక్కకే అలవాటు పడుతుంది. ఇదంతా ఒక్కరోజులో జరగదు, అందుకే మనిషికి తేడా తెలియదు.

అన్నిటికంటే పెద్ద కారణం ఇంకొకటి ఉందని నా నమ్మకం. ఆయాసం రాకుండా మనిషి బతుకునే కుదించుకుంటాడు. కొండపి వైపు నుంచి ఒక పొగాకు రైతు వచ్చేవారు. "ఆయాసమా, అబ్బే" అనేవారు. చొక్కా విప్పమంటే మూడో గుండీ దగ్గర ఆగి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, పెదాలు సున్నాలా చుట్టి గాలి వదిలి, మళ్లీ నాలుగో గుండీ మొదలుపెట్టేవారు. ఆగడం ఆయనకు తెలియదు, భార్యకు తెలుసు. పొగాకును వేడితో ఆరబెట్టే బేరన్ దగ్గరికి వెళ్లడం ఎప్పుడో మానేశారు, పొలం గట్టు మీదికి కొడుకు బండి మీద వెళ్తారు. అడిగితే "ఓపిక లేక" అంటారు. అందుకని పాలకేంద్రానికి నడుస్తున్నారా అని కాదు, రెండేళ్ల కింద ఎంతసేపట్లో వెళ్లేవారు, ఇప్పుడెంత పడుతోంది, దారిలో ఎన్నిచోట్ల నిలబడి ఎవరితోనో మాటలు పెట్టుకుంటున్నారు అని అమ్మను అడగండి. ఆ మాటల్లో సగం ఊపిరి తీసుకోవడం కోసం పెట్టుకునేవే అయి ఉంటాయి.

రొయ్యల గుంటలున్న మనవాళ్లకు ఇది చప్పున ఎక్కుతుంది. తెల్లవారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే రొయ్య పైకి తేలుతుంది, దాన్ని చూసి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పితే అప్పటికే ఆలస్యం, అందుకే మీటర్ పెట్టి చూస్తారు. మనిషైతే అలా పైకి తేలి కనిపించనైనా కనిపించడు.

మనిషికి తెలియకపోయినా శరీరం మాత్రం ఊరుకోదు. గుండె వేగం పెంచుతుంది. కిడ్నీలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ వదిలి, ఎముకల మూలుగ చేత ఎర్రకణాలు ఎక్కువ చేయిస్తాయి. కణం లోపల ఆక్సిజన్ తక్కువైందని గుర్తించే ప్రొటీన్‌ను, ఆ గుర్తింపు ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకు 2019లో కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. ఊపిరి పెంచడం సెకన్ల మీద జరిగితే ఇది వారాల మీద జరుగుతుంది. హిమోగ్లోబిన్ 18 వచ్చిందని, రక్తం బాగా పట్టిందని సంతోషించే కుటుంబాలను చూస్తుంటాను. పొగతాగే ముసలాయనకు 18 ఉంటే నేను ఆక్సీమీటర్ తీస్తాను.

ఇంకో స్పందన ఇబ్బంది పెట్టేది. శరీరంలో మిగతాచోట్ల ఆక్సిజన్ తగ్గితే రక్తనాళాలు వెడల్పవుతాయి. ఊపిరితిత్తుల్లో తిరకాసు, అవి ముడుచుకుంటాయి. గాలి అందని భాగానికి రక్తం ఎందుకు, గాలి ఉన్నచోటికే పంపుదాం అనే తెలివి అది. న్యుమోనియాలో ఒక మూల పాడైతే ఈ తెలివి కాపాడుతుంది. మొత్తం ఊపిరితిత్తులు ఏళ్లతరబడి తక్కువ ఆక్సిజన్‌లో ఉంటే నాళాలన్నీ బిగుసుకుని, వాటిలోకి రక్తం తోయలేక గుండె కుడిభాగం అలిసిపోతుంది. సాయంత్రానికి కాళ్లు వాస్తాయి. మీ నాయన చీలమండ పైన ఎముక మీద వేలితో పది సెకన్లు నొక్కి చూడండి, గుంట పడిందా అని. పడితే డాక్టర్‌కి తప్పక చెప్పండి.

పెదాలు నీలంగా లేవు కదా అనుకోవద్దు. డెసిలీటరు రక్తంలో అయిదు గ్రాముల దాకా ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ పోగైతే గానీ నీలం కంటికి కనపడదు. రక్తం తక్కువున్నవాళ్లు ప్రమాదంలో ఉన్నా నీలంగా కనిపించకపోవచ్చు.

ఇప్పుడు అమ్మ సంగతి. 98 ఉన్నా ఎందుకు ఎగపోత? ఆయాసం పుట్టే చోట్లు చాలా ఉన్నాయి. ఛాతీ కండరాలు పడే కష్టం, బిగుసుకున్న ఊపిరి గొట్టాలు, గుండె సరిగా పనిచేయక ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. ఆ నీటిని పసిగట్టే జె-రిసెప్టార్లను కనిపెట్టింది మన దేశంవాడే, ఔతార్ సింగ్ పెయింటల్. వీటిలో చాలావాటికి ఆక్సీమీటర్‌తో పని లేదు. రక్తహీనత కూడా అంతే. ఆక్సీమీటర్ చెప్పేది ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం నిండిందనే. హిమోగ్లోబిన్ 6 ఉన్నా ఆ ఆరూ నిండితే 98 అనే చూపిస్తుంది. కెరోటిడ్ బాడీ కూడా ఇక్కడ మోసపోతుంది, ఎందుకంటే అది చూసేది రక్తంలో కరిగిన ఆక్సిజన్ పీడనాన్ని, మొత్తం సరుకును కాదు.

బొగ్గు, జనరేటర్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ విషయంలోనూ ఇదే మోసం. తుపాను రోజుల్లో కరెంటు పోయిందని మూసిన వరండాలో జనరేటర్ పెట్టుకుని పడుకున్న కుటుంబం తెల్లారి వాంతులు, తలనొప్పి అంటూ వచ్చారు. అందరికీ 99. కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ను మామూలు ఆక్సీమీటర్ ఆక్సిజన్ అనే అనుకుంటుంది. అలాంటప్పుడు అంకెను పక్కనపెట్టి మనిషిని గాలిలోకి తేవాలి, ఆసుపత్రిలో ఫుల్ ఆక్సిజన్ ఇవ్వాలి.

మీ నాయనకు మాత్రం ఫుల్ వద్దంటున్నాను. ఎందుకంటే సీవోపీడీ ఉండి, కార్బన్ డయాక్సైడ్ పేరుకునే మనిషికి లక్ష్యం 88 నుంచి 92. 99 కాదు. ఎక్కువ ఇస్తే, ముడుచుకుని ఉన్న నాళాలు తెరుచుకుని గాలి ఆడని భాగాలకు రక్తం పోతుంది, హిమోగ్లోబిన్ మోస్తున్న కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది, ఊపిరి తీయాలన్న ఒత్తిడి కూడా కొంత తగ్గుతుంది. అన్నీ కలిసి కార్బన్ డయాక్సైడ్ పెరిగి మనిషి మత్తులోకి జారుతాడు. ఇంట్లోవాళ్లు అంకె 98 చూసి "హాయిగా నిద్రపోతున్నారు" అనుకుంటారు. 2010లో టాస్మానియాలో అంబులెన్సుల్లో చేసిన పరీక్షలో, కొలిచి ఇచ్చిన ఆక్సిజన్‌తో పోలిస్తే ఎక్కువ ఫ్లో ఇచ్చిన సీవోపీడీ పేషెంట్లలో మరణాలు బాగా ఎక్కువ వచ్చాయి.

అలాగని భయపడి ఆక్సిజనే ఇవ్వకపోవడం ఇంకా తప్పు. డాక్టర్ చెప్పిన ఫ్లో, ఎక్కువగా ఒకటి రెండు లీటర్లే ఉంటుంది, దాన్ని రోజుకు కనీసం 15 గంటలు పెట్టుకుంటే ఆయుష్షు పెరుగుతుందని 1980, 81లో వచ్చిన రెండు పరీక్షలు తేల్చాయి. అరగంట పెట్టి తీసేస్తే ఉపయోగం లేదు. పొద్దున తలనొప్పి, పగటి మత్తు, చేతులు ముందుకు చాపితే అరచేతులు అల్లల్లాడటం కనిపిస్తే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతోందని అనుమానించి వెంటనే తీసుకెళ్లండి. దారిలో ఆక్సిజన్ పూర్తిగా పీకేయొద్దు, ముందున్నదానికంటే కిందికి పడిపోతారు. 88-92 మధ్య ఉండేలా తగ్గించండి. నిద్రమాత్రలు, రాత్రిపూట మద్యం ఈ మనిషికి పనికిరావు, రెండూ ఊపిరి కబురును నొక్కేస్తాయి. ఆక్సిజన్ నడుస్తున్న గదిలో చుట్ట, అగరుబత్తి, దీపం ఏదీ ఉండకూడదు.

కేదార్‌నాథ్ 3,583 మీటర్ల ఎత్తు. అక్కడా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే, కానీ గాలి పీడనమే ఇక్కడి దాంట్లో మూడింట రెండొంతులు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే అక్కడ దిగగానే 80ల్లోకి పడుతుంది. ఆయన 86తో బయల్దేరితే ఎక్కడ తేలతారో చెప్పనక్కర్లేదు. హెలికాప్టర్లో వెళ్తే మంచిదనుకోకండి, శరీరం అలవాటుపడే వ్యవధి కూడా దక్కదు. మొక్కు ఉంటే తిరుమల కొండ వెయ్యి మీటర్ల లోపే, బస్సులో వెళ్లిరావచ్చు, అదీ పరీక్షలయ్యి డాక్టర్ సరేనన్నాక.

రేపు వెళ్లినప్పుడు ఆయనకు ఏబీజీ, అంటే ధమని రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కొలిచే పరీక్ష, చేయించమని అడగండి. మణికట్టు ధమని నుంచి రక్తం తీస్తారు, కొంచెం నొప్పి ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రే, స్పైరోమెట్రీ (ఊది చూసే ఊపిరి పరీక్ష), హిమోగ్లోబిన్, ఎకో (గుండె స్కాన్) కూడా. అమ్మనూ అదే కారులో ఎక్కించుకోండి, ఆమెకు ముందుగా హిమోగ్లోబిన్, థైరాయిడ్, ఈసీజీ, ఎకో. ఏబీజీ రిపోర్ట్ వచ్చాక పీహెచ్, పీసీవో2, పీవో2, బైకార్బొనేట్ ఈ నాలుగు అంకెలు, తీసేటప్పుడు ఆక్సిజన్ మీద ఉన్నారా మామూలు గాలి మీద ఉన్నారా అన్నది కలిపి ఇక్కడ పెట్టండి, కాన్సంట్రేటర్ అయిదు లీటర్లది సరిపోతుందా అన్నది అప్పుడు చెబుతాను.